కాళ్ళు పైకున్న ఆవు

“నా చిన్నప్పుడు చెత్త కొనుక్కోవడానికి ఎవరూ బజారుకి వెళ్ళలేదమ్మా!” అన్నాను నేను.

“అది చెత్త కాదండీ అత్తయ్యగారూ, ప్రాజెక్టు,” అంది మా కోడలు.

రామచంద్రపురం ఫ్యాన్సీ షాపు కవరులోంచి ఐస్‌క్రీం పుల్లల కట్ట, ముత్యాల దండలు, బంగారు రంగు డబ్బా, జిగురు సీసా ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. ఐదో తరగతి చదువుతున్న మా మనవరాలు పక్కన నిలబడి చూస్తోంది.

“బళ్ళో ఏం చెప్పేరు? ఇంట్లో పారేసే వస్తువులతో ఏదైనా చేసి తెమ్మన్నారు. ఆ పుల్లలు ఎవరు తిని పారేసినవి? ఇంకా సీలే తియ్యలేదు.”

“అందరూ అలాగే కొంటారండి. నిజంగా ఇంట్లో చెత్త పట్టుకెళ్తే మిస్సు నవ్వుతారు. రేపే లాస్ట్ డేట్. మీరు కాస్త ఊరుకోండి బాబూ.”

“అమ్మా, పుల్లలెందుకు?” అంది మా మనవరాలు. “నాన్నమ్మ మంచం కింద బుట్ట ఉందిగా! ఎలాగూ పాతదే. గోల్డ్ కలర్ కొట్టేసి, చుట్టూ ముత్యాలు అంటించేస్తే అయిపోద్ది.”

“అదే చెయ్యి. మీ నాన్నమ్మకి కావలసింది అదేగా. ఒరిజినల్ వేస్టు!”

నేను లేచేలోపే పిల్ల బుట్టని బయటికి లాగి, అందులోని దారం ఉండల్నీ గుడ్డముక్కల్నీ మంచం మీద కుమ్మరించేసింది. రంగు డబ్బా మూత కూడా తీసింది.

“దాని మీద రంగు పడిందో, ఈ ఇంట్లో ఇవాళ నేను అన్నం తినను,” అన్నాను.

కోడలు నడుం మీద చేతులు వేసుకుంది. “ఏంటండీ ఇది? ఇందాకట్నుంచీ పాత వస్తువులతో చెయ్యమని సతాయించింది మీరే కదండీ?”

“అది పాతదే. వేస్టు కాదు.”

“ఏం బుట్టో!” అంది మనవరాలు మూతి ముడుచుకుని. “అక్షరాలన్నీ తలకిందులు. ఆవు కూడా కాళ్ళు పైకెత్తి పడుంది. చేసినోళ్ళెవరో గాని సరిగ్గా చెయ్యలేదు.”

దానికి నాకు కోపం రావాలి. రాలేదు. ఆ మాట నేను కూడా ఒకప్పుడు అన్నదే.

నేను కథలు చెప్పే మనిషిని కాను. పాల ప్యాకెట్లు కోసి, కడిగి, ఆరబెట్టి, వాటితో చాపలల్లే మనిషినని, బియ్యం సంచుల్ని విప్పి కూరల సంచులు కుట్టే మనిషినని, పెళ్ళికార్డు వస్తే ముహూర్తం కన్నా ముందు అట్ట మందం చూస్తానని మా ఇంట్లో నాకు పేరు. పిసినారి అని వెనకాల అంటారు. వినపడుతూనే ఉంటుంది. కానీ ఆ బుట్ట సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదని ఆ సాయంత్రమే నాకు తెలిసింది. బంగారు రంగు వేస్తే ఏం పోతుందో తెలియని పిల్లకి ఏం పోతుందో చెప్పాలి గనుక చెప్పాను. చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మాది కాలవగట్టు మీద తాటాకిల్లు. మా నాన్న కొద్దిపాటి భూమి కౌలుకి చేసేవాడు. మా అమ్మ, నెలలపిల్లాడైన మా తమ్ముడు, నాన్నకి తల్లి అయిన మా మామ్మ, నేను. ఇంతే మా ఇల్లు. ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. గాలి మా ఇంటి కప్పుని ఎత్తుకుపోయి ఎవరి చేలోనో పడేసింది. పెరట్లో కొబ్బరిచెట్లు అన్నీ ఒకేవైపుకి తలలు పెట్టి పడుకున్నాయి. కాలవ పొంగి ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కోతకొచ్చిన చేను నీళ్ళలోనే మొలకెత్తింది. నీళ్ళు తీశాక చూస్తే ఇంట్లో వెదురుబుట్టలూ తాటాకు తట్టలూ అన్నీ కుళ్ళి, పట్టుకుంటే చేతికి ముద్దలా వచ్చేవి. ఆ వాసన ఇప్పటికీ వానాకాలంలో ఎక్కడినుంచో వస్తూ ఉంటుంది నాకు.

ఇక మిగిలింది దాళ్వా, ఆ ఏటి రెండో పంట. అది కూడా పోతే ఊరు వదిలి పోవడమే. నాన్న సొంత నాట్లు తనే వేసుకునేవాడు. అమ్మ పచ్చి బాలింతరాలన్న మాటే గాని ఊళ్ళో కూలి నాట్లకి దిగింది. మామ్మ కూడా దిగింది. అంతకుముందు మామ్మ మడిలో దిగగా నేను చూడలేదు. నడుము వంగిన మనిషి, నాటు వెయ్యడానికి ఇంకా వంగింది. ఇక పిల్లాడిని చూసేవాళ్ళు ఎవరు?

ఒక సాయంత్రం గంజన్నాలు తింటుంటే మామ్మ అంది, “రేపట్నుంచి పిల్ల బడికెళ్ళక్కర్లేదు. ఉయ్యాల దగ్గరుంటది.” నాన్న కంచంలోకి ఇంకా కిందికి వంగిపోయాడు. అమ్మ నాకేసి చూసి, చప్పున చూపు తిప్పుకుంది. మా ఇంట్లో మామ్మ మాట అన్నాక మళ్ళీ మాట ఉండేది కాదు. చిన్నతనంలోనే మొగుడు పోతే, ఊళ్ళోవాళ్ళ వడ్లు దంచి నాన్నని పెంచిన మనిషి. ఆవిడకి ఎదురు చెప్పడమంటే ఆ వడ్లన్నిటికీ ఎదురు చెప్పినట్టే ఉండేది అందరికీ.

నాకు బడి అంటే పిచ్చి. బాగా చదువుతానని కాదు. పుస్తకంలో అక్షరాలు పక్కపక్కన నిలబడి ఒక మాట అయ్యేటప్పుడు, గూటిలో దీపం పెట్టినట్టు ఉండేది. అంతే, ఇంకెలా చెప్పాలో తెలియదు. మర్నాడు పక్కింటి అక్క ఎప్పట్లాగే మా గుమ్మం ముందు ఆగి “రావే” అని పిలిచింది. అమ్మ చీరతో కట్టిన ఉయ్యాల ఊపుతూ, రానన్నట్టు తల ఊపాను. ఆ తరవాత కొన్నాళ్ళు నడక ఆపకుండానే “రావా?” అని అడిగేది. తరవాత అడగడం మానేసింది. అడగకుండా వెళ్ళిపోయిన రోజే ఎక్కువ ఏడ్చినట్టు గుర్తు.

నా పలక ఏమైందంటే, మామ్మ దాన్ని తీసుకెళ్ళి పెరుగుకుండ మీద మూత పెట్టింది. ఉన్న మూత తుఫానులో పగిలిపోయింది, పలక ఊరికే ఉంది. ఆవిడ లెక్క అది. వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు. నా చదువే ఊరికే పడి ఉన్న వస్తువు అయ్యాక, పలక ఎంతలోది!

తరవాత బుట్టలు చెయ్యాలంది. మేదరి దగ్గర వెదురుబుట్టలు కొనే పరిస్థితి లేదు. చిత్తుకాగితాలు ఉన్న ప్రతి ఇల్లూ తిరిగి అడిగి తెచ్చింది. తడిసిన పంచాంగాలు, కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు, సబ్బు చుట్టిన కాగితాలు, పోయినేటి క్యాలెండరు. మా మామ్మకి ఒక్క అక్షరం రాదు గాని కాగితం కాలికి తగిలితే కళ్ళకి అద్దుకునేది. కాగితాన్ని పొయ్యిలో పెట్టకూడదు, పెంటమీద వెయ్యకూడదు. నానబెట్టి, రోట్లో దంచి, గుజ్జు చేసి, బుట్ట చేసుకుంటే తప్పు లేదు. అప్పుడు అది మళ్ళీ ఇంటికి పనికొస్తుంది కదా. అన్నీ చింపి పాత గంగాళంలో నానేసింది. ఇంకా చాలలేదు. తుఫానుకి తడిస్తే ఆరబెట్టి గూట్లో పెట్టుకున్న నా పుస్తకాలు తీసింది.

అమ్మ అప్పుడే చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చేతిలో చెంబు అలాగే పట్టుకుని లోపలికి వచ్చేసింది.

“బడి మానిపించేరు, ఊరుకున్నాను. పలక పట్టుకెళ్ళి మూత పెట్టేరు, ఊరుకున్నాను. ఇప్పుడు పుస్తకాలు కూడా రోట్లో వేస్తారా అత్తా? ఇక దానికేం మిగులుద్ది?”

“పుస్తకం ఎదురుగా ఉంటే దాని కళ్ళు పుస్తకం మీదుంటాయా, పిల్లాడి మీదుంటాయా? పిల్లాడు జారిపడితే నీ పుస్తకం పట్టుకుంటదేంటి?”

“పోనీ అటక మీద పెట్టండి. పంట చేతికొచ్చేక మళ్ళీ...”

“సరైన కప్పే లేదు ఇంటికి, అటకంట!” అంది మామ్మ. తరవాత గొంతు తగ్గించింది గాని నాకు వినపడింది. “మళ్ళీ వెళ్తుందా అది? నీకు తెలుసు, నాకు తెలుసు. దానికొక్కదానికే తెలీదు. రోజూ ఆ పుస్తకం చూపించి ఆశ పెట్టి ఏడిపించడం దేనికి?”

అమ్మ చేతిలో చెంబులో నీళ్ళు నేల మీద ఒలికిపోతున్నాయి. నేను మళ్ళీ వెళ్ళనన్న సంగతి నాకు అలా తెలిసింది. నన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. ఉయ్యాల ఆగిపోయిందేమో, తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. ఊపడం మొదలుపెట్టాను.

కాగితాలు మూడు నాలుగు రోజులు నానాయి. మామ్మ రోజూ నీళ్ళు మార్చేది. నీళ్ళలో సిరా దిగి నీలంగా అయ్యేవి. అందులో నా సిరా ఎంతో అని చూస్తూ ఉండేదాన్ని. తరవాత తెల్లవారుజామున, మడిలోకి వెళ్ళకముందు, నానిన మెంతులు రుబ్బి గుజ్జులో కలిపి రోట్లో దంచింది. మెంతుల చేదుకి ఎలకలు రావని. రోకలి చప్పుడు నాకు అలవాటే, పుట్టినప్పట్నుంచీ వింటున్నదే. కానీ ఆ పొద్దు మాత్రం చెవులు మూసుకున్నాను.

అప్పుడే ఇంకొకటి చూశాను. రోలు పక్కన గట్టు మీద నా వాచకం కాగితాలు కొన్ని విడిగా ఉన్నాయి. నానెయ్యలేదు, చింపలేదు. కుట్టు విప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి ఉన్నాయి. ఎందుకు దాచిందో నాకు తెలుసనుకున్నాను. ముసురులో పొయ్యి రాజేసుకోవడానికి పొడి కాగితం ఉండాలి గదా. కాగితాన్ని కళ్ళకి అద్దుకునే మనిషి నా పుస్తకం మాత్రం పొయ్యిలో పెట్టబోతోందని నమ్మేశాను. చిన్నపిల్లలకి దుఃఖం వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ గురించి ఎంత చెడ్డగానైనా అనుకోగలరు. ఆ రోజంతా మామ్మతో మాట్లాడలేదు. ఆవిడ గమనించిందో లేదో తెలియదు. గమనించినా అడిగే మనిషి కాదు.

బుట్ట చెయ్యడం ఎలాగంటే, ఇత్తడి బిందెని బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరిచి, బిందె అడుగునుంచి నడుము దాకా గుజ్జు దళసరిగా మెత్తాలి. అరచేత్తో తట్టుకుంటూ సాపు చెయ్యాలి. పుష్యమాసం ఎండకి అది ఆరడానికి చాలా రోజులు పట్టింది. బాగా ఆరాక, ఇంకా బిందె మీద ఉండగానే, చింతగింజల జిగురుతో పైన గుడ్డగాని కాగితంగాని అంటించాలి. లేకపోతే పెళుసుబారి రాలిపోతుంది. ఇదంతా పశువుల పాక పక్కన జరిగింది. నేను ఉయ్యాల దగ్గరనుంచి కదలడానికి లేదు గనుక చివరి పని చూడలేదు.

ఒకరోజు నాట్లనుంచి వచ్చి, కాళ్ళకి బురద కూడా కడుక్కోకుండా, మామ్మ పాక వైపు వెళ్ళింది. బిందె మీదనుంచి ఊడదీసిన బుట్టని రెండు చేతులతో పట్టుకొచ్చి, ఉయ్యాల పక్కన, నా ఎదురుగా పెట్టింది.

“పిల్లాడి గుడ్డలు ఇందులో పెట్టు,” అంది.

బుట్ట చుట్టూ నా వాచకం. ఒక్క కాగితం కూడా పొయ్యిలోకి పోలేదు. అచ్చు అక్షరాలు బయటికి కనపడేలా, ముడత లేకుండా, అంచుకి అంచు కలిపి అంటించి ఉన్నాయి. కానీ అక్షరాలన్నీ తలకిందులు. ఆవు బొమ్మ నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టి పడుంది. పడవ బోల్తా కొట్టింది. పడవవాడు తలమీద నిలబడి తెడ్డు వేస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. బడి మానేశాక నేను నవ్వడం అదే మొదలు.

“సరిగ్గా చెయ్యలేదు మామ్మా, ఆవు పడిపోయింది,” అన్నాను.

మామ్మ వంగి చూసింది. బుట్టని ఎత్తి బోర్లించింది. ఆవు లేచి నిలబడింది. పడవ నీళ్ళమీద తేలింది. మళ్ళీ వెల్లకిలా తిప్పింది. ఆవు పడిపోయింది. ఇంకోసారి బోర్లించింది. ఆవిడ ముఖంలో అలాంటి చూపు నేను అంతకుముందు చూడలేదు, తరవాత కూడా చూడలేదు. తుఫాను మర్నాడు పడిపోయిన చెట్లని చూసినప్పుడు కూడా లేదది.

అప్పుడు నాకు అర్థమైంది. అక్షరం రాని మనిషి ఏ కాగితం ఎటు పైకో ఎలా తెలుసుకుంటుంది? బొమ్మలు చూసుకుంది. ఆవు కాళ్ళు ఏ వైపుంటే అది కింద. పడవ ఏ వైపు తేలితే అది పైన. అలా ఒక్కొక్క కాగితాన్నీ సరిచూసుకుని, బోర్లించిన బిందె మీద అన్నీ నిటారుగా నిలబెట్టింది. ఊరికే దళసరికోసం అంటించినదైతే ఒకటి అటు, ఒకటి ఇటు ఉండేవి. అన్నీ ఒకేలాగ తలకిందులుగా ఉన్నాయంటే, అన్నిటినీ సరిగ్గా పెట్టాలని చూసిందన్నమాట. బిందె బోర్లా ఉందని, రేపు బుట్ట వెల్లకిలా నిలబడుతుందని ఒక్కటే మరిచిపోయింది.

మామ్మ గోటితో ఆవు కాగితం అంచు పట్టుకుని పీకబోయింది. చింతగింజల జిగురు వదుల్తుందా? మూల చిరిగింది. ఆ చిరుగు ఇప్పటికీ ఉంది, కావాలంటే మా ఇంటికొచ్చి చూడొచ్చు.

“ఉండనీ మామ్మా,” అన్నాను. “నేను చదువుతాను.”

“తలకిందులుగానా?”

మెడ వంచి చూశాను. తలకట్లు అడుక్కి వెళ్ళిపోయాయి, కొమ్ములు పైకొచ్చాయి. ‘ప’ ఎక్కడుందో, ‘డ’ ఎక్కడుందో వెతుక్కున్నాను. వెనక్కీ ముందుకీ వెళ్ళి, కూడబలుక్కుని, “ప... డ... వ... ఏరు... దాటింది” అన్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఉయ్యాల ఊపడం మాత్రం ఆపలేదు.

“దాటిందా?” అంది మామ్మ.

“దాటింది.”

తల ఊపి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ ఇద్దరూ ఆ సంగతి ఎప్పుడైనా మాట్లాడుకున్నారేమో నాకు తెలియదు. నా ఎదుట ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ ఆ రోజు అమ్మ తనే నీళ్ళు తోడి మామ్మ కాళ్ళమీద పోసింది.

అప్పట్నుంచి ఆ బుట్ట ఉయ్యాల పక్కనే ఉండేది. తమ్ముడి పొత్తిగుడ్డలు తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా చదివేదాన్ని. అయిపోయాక బుట్టని కాస్త తిప్పి ఇంకో వైపు చదివేదాన్ని. ఒకసారి పక్కింటి అక్క పిల్లాడిని చూడ్డానికి వస్తే గడగడా చదివి వినిపించాను. అక్క మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఒక్క ముక్క చదవలేక బుట్టనే బోర్లించేసింది. గుడ్డలన్నీ ఉచ్చ వాసనతో అక్క ఒళ్ళో పడ్డాయి. బడికెళ్ళే మనిషి కన్నా నాకు ఎక్కువ వచ్చిన రోజు నా జన్మలో అదొక్కటే.

మామ్మ ఎప్పుడూ ఏం చదివావని అడగలేదు. చేలోంచి వచ్చేటప్పుడు, మనసు బాగుంటే, “ఏమంటోంది నీ ఆవు?” అనేది. ఆవు కింద ఏం రాసుందో చెప్పేదాన్ని. “రోజూ అదే మాటా? పాలివ్వదు గాని ఊరికే కబుర్లు,” అనేది. అంతే.

ఇదంతా విని మా మామ్మ మంచి పని చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తమ్ముడు నడక నేర్చాక బడికి పంపుతారనుకున్నాను. ఈలోపు చెల్లెలు పుట్టింది. ఉయ్యాల మళ్ళీ కట్టారు. ఆ తరవాత నేను ఎదిగిన పిల్లనయ్యాను. పక్కింటి అక్క పెద్ద బడికి కూడా వెళ్ళింది. బుట్ట నాకు బడి అయిందని చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, బుట్ట బుట్టే, బడి బడే. నా లెక్కల పుస్తకం ఆ బుట్ట గోడలో గుజ్జై ఉంది. అందుకే లెక్కలు ఇప్పటికీ వేళ్ళ మీదే వేస్తాను. వాచకంలో మిగిలిన పాఠాలు కూడా అందులోనే ఉన్నాయి. అవేంటో నాకు ఎప్పటికీ తెలియదు. నా చదువు ఆపిందీ ఆవిడే, ఆగిన చోట నుంచి జారిపోకుండా పట్టుకుందీ ఆవిడే. ఒకదానితో ఇంకొకటి కొట్టెయ్యడానికి చాలాసార్లు చూశాను. కొట్టెయ్యడం కుదరలేదు. రెండూ అలాగే పక్కపక్కన ఉన్నాయి.

నా దగ్గర మిగిలిందేంటంటే, తలకిందులుగా చదవగలను. ఏ ఆఫీసుకి వెళ్ళినా, బల్లకి అటువైపు కూర్చున్నవాళ్ళు కాగితం నా వైపు తిప్పేలోపే అందులో ఏముందో చదివేస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలో వాళ్ళు చెప్పక్కర్లేదు. మా అబ్బాయి నవ్వుతాడు, “అమ్మకి అవతలివైపు కూడా కళ్ళున్నాయండి” అని. ఏ వస్తువైనా పారెయ్యబోయేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. దాన్ని ఈ ఇంట్లో పిసినారితనం అంటారు. అననీ. అలా ఒక్క క్షణం చెయ్యి ఆగబట్టే నాకు నాలుగు అక్షరాలు మిగిలాయి. ఇంకాస్త ముందుగా ఆగి ఉంటే ఇంకా మిగిలేవి.

మనవరాలికి ఇంతవరకూ చెప్పాను. దానిది ఇంగ్లీషు మీడియం, తెలుగు తిన్నగా ఉన్నదే కూడబలుక్కుని చదువుతుంది. బుట్టని ఒళ్ళో పెట్టుకుని, చిరిగిన మూల మీద వేలు రాస్తూ కూర్చుంది. రంగు డబ్బా మూత ఎప్పుడు పెట్టేసిందో నేను చూడలేదు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోందని తెలుసు, అటు చూడలేదు.

“నాన్నమ్మా, అయితే మీ మామ్మ మంచిదా, చెడ్డదా?” అంది పిల్ల.

“లేచి చేతులు కడుక్కో, అన్నం తిందువుగాని,” అన్నాను.

మర్నాడు పొద్దున్న కోడలు ఐస్‌క్రీం పుల్లలతో చేసిన పెన్నుల స్టాండు పట్టుకుని మనవరాలు స్కూలు ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. లాస్ట్ డేట్ కదా, తప్పదు. బుట్ట నా మంచం కింద దాని చోట్లోనే ఉంది, దారం ఉండలు మళ్ళీ అందులోకి చేరి ఉన్నాయి.

స్నానానికి నీళ్ళు పట్టుకుందామని పెరట్లోకి వెళ్తే బకెట్టు ఖాళీగా లేదు. మనవరాలి పోయినేటి నోటు పుస్తకాలు అట్టలు పీకేసి, చింపి అందులో నానేసి ఉన్నాయి. నీళ్ళు అప్పుడే నీలంగా తిరుగుతున్నాయి. మెంతులు గుప్పెడు చాలు, డబ్బా డబ్బా పోసేసింది. సాయంత్రం రానీ, దాని పని చెప్తాను.

పక్కన పంపు గట్టు మీద దాని పాత తెలుగు వాచకం కాగితాలు కొన్ని ఉన్నాయి. తడవకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాయి పెట్టి.

అటక మీదున్న ఇత్తడి బిందె కోడలి చేత దింపించాను. చింతపండు పెట్టి తోమి, ఎండ తగిలే చోట బోర్లించాను.